లారీకి ఏ ఇంజిన్ ఆయిల్ పోయాలి, అడిటివ్‌లు కలపాలా వద్దా: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో మాధవరం, రెడ్‌హిల్స్, మణలి, ఎన్నూరు చుట్టుపక్కల బండ్లు తిప్పే తెలుగు ఓనర్లు, డ్రైవర్లు పదే పదే అడిగేవన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. చీమకుర్తి రాయి, గుంటూరు మిర్చి, నెల్లూరు బియ్యం వేసుకొని వచ్చి ఇక్కడే సర్వీసు చేయించుకొని వెళ్లేవాళ్లు చాలామంది. అందుకని ఇక్కడి ఎండను, హార్బర్ గేటు ముందు క్యూని, వానాకాలం ముంపును మనసులో పెట్టుకొనే రాశాను. మీ బండి మాన్యువల్‌లో ఇక్కడ చెప్పినదానికి వేరుగా ఉంటే మాన్యువల్ మాటే వినండి.

షాపులో పది రకాల బకెట్లు ఉన్నాయి. ఏది చూసి కొనాలి?

బ్రాండు సంగతి ఆఖరున చూసుకోవచ్చు. బకెట్ మీద ముందు చూడాల్సినవి రెండే: చిక్కదనం నంబరు, అంటే 15డబ్ల్యూ-40 లాంటిది, తర్వాత ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఇచ్చే నాణ్యత తరగతి, అంటే సీఐ-4 ప్లస్ లేదా సీకే-4 లాంటిది. ఆ రెండూ మీ మాన్యువల్‌లో ఉన్నదానికి సరిపోతే సర్వో, హెచ్‌పీ, మాక్, క్యాస్ట్రాల్, షెల్, గల్ఫ్, వాల్వొలిన్ ఏదైనా పోసుకోవచ్చు. సరిపోకపోతే ఎంత పెద్ద కంపెనీదైనా మీ బండికి పనికిరాదు.

ఇంజిన్ కంపెనీలకు సొంత నంబర్లు కూడా ఉంటాయి. కమిన్స్‌కు సీఈఎస్ 20086, వోల్వోకు వీడీఎస్-4.5, బెంజ్‌కు ఎంబీ 228.31 అలాంటివే. మాన్యువల్‌లో అలాంటి నంబరు ఇచ్చి ఉంటే బకెట్ వెనకవైపు చిన్నక్షరాల్లో అదే నంబరు ఉందో లేదో వెతకండి, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుంటే కనిపిస్తుంది. "అన్నీ ఒకటే అన్నా, ఇది పట్టుకెళ్లు" అనే షాపులో మాత్రం కొనకండి.

15డబ్ల్యూ-40లో ఆ అంకెలు ఏం చెబుతాయి?

డబ్ల్యూకి ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా కదులుతుందో చెబుతుంది, వెనక ఉన్నది ఇంజిన్ వేడెక్కాక ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది. 15డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 20 డిగ్రీల దగ్గర స్టార్టింగ్‌కి పరీక్షిస్తారు. చెన్నైలో మార్గశిరం తెల్లవారుజామున కూడా 20 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఆ మొదటి అంకె గురించి మనకు టెన్షన్ అక్కర్లేదు, ఆపిల్ లోడు కోసం కశ్మీర్ దాకా వెళ్లే బండికి మాత్రం చూసుకోవాలి. మనకు ముఖ్యం రెండోది. 40 అంటే 100 డిగ్రీల వేడిలో 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్‌ల (చిక్కదనాన్ని కొలిచే యూనిట్) మధ్య చిక్కదనం ఉండాలి. మే నెల ఎండలో ఫుల్ లోడుతో రాణిపేట దాటి కృష్ణగిరి వైపు ఎక్కుతున్నప్పుడు బేరింగుకీ క్రాంకుకీ మధ్య ఉండే సన్నటి ఆయిల్ పొరను కాపాడేది అదే.

"ఎండ ఎక్కువ కదా, ఇంకా చిక్కటిది పోద్దాం, 20డబ్ల్యూ-50 పోద్దాం" అంటారు కొందరు. పాత తరం ఇంజిన్లు కొన్నింటికి కంపెనీయే అది రాసింది, వాటికి పర్లేదు. డీజిల్‌ను ఎక్కువ ఒత్తిడితో కొట్టే కొత్త తరం కామన్ రైల్ ఇంజిన్లకు మాత్రం వద్దు. చిక్కటి ఆయిల్ టర్బో బేరింగు దాకా చేరడానికి ఆలస్యమవుతుంది, పొద్దున్నే స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లోనే అరుగుదల ఎక్కువ, డీజిల్ కూడా కొంచెం ఎక్కువే తాగుతుంది.

సీఐ-4, సీకే-4 తేడా ఏంటి? బీఎస్6 బండిలో సీఐ-4 పోస్తే నిజంగా ఏమవుతుంది?

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది ఈ ప్రశ్న దగ్గరే, అందుకని కాస్త వివరంగా చెబుతాను.

సీఐ-4 తరగతి 2002లో వచ్చింది, ఈజీఆర్ (పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) ఉన్న ఇంజిన్ల కోసం. సీకే-4 అమ్మకానికి వచ్చింది 2016 డిసెంబరులో. మధ్యలో సీజే-4 ఉంది. బండి పొగకు సర్కారు పెట్టే హద్దులే బీఎస్ (భారత్ స్టేజ్) నిబంధనలు: మన దేశమంతటా బీఎస్4 అమల్లోకి వచ్చింది 2017 ఏప్రిల్‌లో, బీఎస్6 2020 ఏప్రిల్‌లో. బీఎస్6తో పాటు సైలెన్సర్ దారిలో కొత్త సామాన్లు వచ్చి చేరాయి: మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే జల్లెడ, పొగలోని విషవాయువులు తగ్గించడానికి యూరియా కొట్టే ఎస్సీఆర్ (ఇది కొన్ని బీఎస్4 లారీల్లో అప్పటికే ఉంది).

డీపీఎఫ్‌లో రెండు రకాల చెత్త చేరుతుంది. ఒకటి డీజిల్ కాలగా వచ్చిన మసి. అది నిండగానే బండి తనంతట తానే ఆ జల్లెడను 550, 600 డిగ్రీల దాకా వేడెక్కించి మసిని కాల్చేస్తుంది, దాన్నే రీజనరేషన్ అంటున్నాం. రెండోది బూడిద. ఇంజిన్ కొద్దికొద్దిగా తాగే ఆయిల్‌లోని కాల్షియం, మెగ్నీషియం, జింకు లాంటి లోహాలు కాలి మిగిల్చేదే ఈ బూడిద. మసి కాలిపోతుంది కానీ బూడిద మళ్లీ కాలదు, అక్కడే పేరుకుంటుంది. పొయ్యిలో కట్టె ఎంత కాల్చినా బూడిదను చేత్తో ఎత్తిపోయాల్సిందే కదా, ఇదీ అంతే, డీపీఎఫ్ విప్పి మెషీన్ మీద శుభ్రం చేయించాలి, లేదా మార్చాలి.

అందుకే సీకే-4లో బూడిదకు నూటికి 1 వంతు అని హద్దు పెట్టారు, ఫాస్ఫరస్‌కీ సల్ఫర్‌కీ హద్దులున్నాయి. సీఐ-4కి ఆ హద్దు లేదు. బీఎస్6 బండిలో సీఐ-4 పోస్తే ఆ రోజే ఏమీ అవదు, వారం తర్వాతా అవదు, పికప్ కూడా బాగానే ఉంటుంది, డ్రైవరు "ఏం కాలేదు చూడన్నా, రెండువేలు మిగిలింది" అంటాడు. నెలలు గడిచాక రీజనరేషన్ తరచుగా రావడం మొదలవుతుంది, మీటరులో డీపీఎఫ్ లైటు వెలుగుతుంది, పవర్ తగ్గిపోతుంది, అప్పుడు సెన్సరు మీద అనుమానపడి సెన్సరు మారుస్తారు. డీపీఎఫ్ ఖరీదు ముందు బకెట్ మీద మిగిలింది ఏ మూలకూ రాదు, పైగా ఆయిల్ తప్పు అని తేలితే వారంటీ కూడా పోవచ్చు.

మాది పాత బీఎస్3 బండి. సీకే-4 పోయొచ్చా?

పోయొచ్చు. సీకే-4 పాత తరగతులన్నిటి స్థానంలో వాడుకునేలా చేసిందే. "తక్కువ బూడిద ఆయిల్‌లో యాసిడ్‌ని చంపే శక్తి తక్కువ, పాత ఇంజిన్‌కి సరిపోదు" అనే మాట వింటుంటాం, అందులో ఒకప్పుడు నిజం ఉంది. డీజిల్‌లో సల్ఫర్ ఎక్కువున్న రోజుల్లో అది కాలి యాసిడ్ అయ్యేది, దాన్ని తట్టుకోవడానికి ఆయిల్‌లో క్షారం ఎక్కువ కావాల్సి వచ్చేది. బీఎస్3 డీజిల్‌లో సల్ఫర్ 350 పీపీఎం (పది లక్షల వంతుల్లో 350), బీఎస్4లో 50, ఇప్పుడు బంకుల్లో దొరికేది 10 పీపీఎం. పాత బండి తాగేదీ ఈ డీజిలే కాబట్టి ఆ భయం పెద్దగా లేదు. కాకపోతే పాత బండికి సీఐ-4 ప్లస్ చక్కగా సరిపోతుంది, ధర తక్కువ. నాలుగు పాత బండ్లు, రెండు కొత్త బండ్లు ఉన్న ఓనరుకు మాత్రం నా సలహా వేరు: అన్నిటికీ సీకే-4 ఒక్కటే బారెల్ తెచ్చి పెట్టుకోండి. షెడ్డులో రెండు రకాల బారెళ్లు పక్కపక్కన ఉంటే రాత్రిపూట క్లీనరు చేతికి ఏది దొరికితే అది పోస్తాడు.

ఎఫ్ఏ-4 అని రాసిన ఆయిల్ చూశాం, అది ఇంకా కొత్తదా?

సీకే-4తో పాటే వచ్చింది, కానీ పలుచటిది, కొన్ని ప్రత్యేకమైన ఇంజిన్ల కోసం చేసింది, పాత తరగతుల స్థానంలో వాడకూడదు. మీ మాన్యువల్‌లో ఆ పేరే రాసి ఉంటే తప్ప ముట్టుకోవద్దు.

సింథటిక్ తీసుకోవడం దండగా?

బండి పనిని బట్టి. నేలలోంచి తీసిన క్రూడ్‌ను శుద్ధిచేసి వచ్చే బేస్ ఆయిల్‌తో చేసేది మినరల్. అలాంటి బేస్ ఆయిల్ మన పక్కనే మణలి సీపీసీఎల్ రిఫైనరీలో తయారవుతుంది. సింథటిక్ వేడికి ఆలస్యంగా చెడిపోతుంది, ఆవిరై తగ్గిపోవడం తక్కువ. కంపెనీ దూరపు సర్వీసు గడువు ఇచ్చిన కొత్త బండి, రాత్రింబవళ్లు హైవే మీద ఉండేది అయితే సెమీ సింథటిక్, సింథటిక్ ఖర్చు గిట్టుతుంది, ఎందుకంటే సర్వీసు కోసం బండి ఆగే రోజులు తగ్గుతాయి. లీటర్ల కొద్దీ ఆయిల్ తాగే పాత ఇంజిన్‌లో సింథటిక్ పోయడం మాత్రం నాకు నచ్చదు, పోసింది పోసినట్టు పొగైపోతుంది.

ఎన్ని వేల కిలోమీటర్లకు మార్చాలి?

కంపెనీ ఇచ్చిన గడువు మొదటి లెక్క. కానీ ఆ గడువు హైవే మీద సాఫీగా నడిచే బండికి. ఎన్నూరు, హార్బర్ ట్రైలర్ల సంగతి వేరు. కంటైనర్ వేసుకొని ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీద గంటల తరబడి అంగుళం అంగుళం కదిలే బండికి మీటరు తిరగదు, ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఐడిలింగ్‌లో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, డీజిల్ సరిగా కాలక ఆయిల్‌లోకి దిగుతుంది, మసి ఎక్కువ వస్తుంది. అందుకని గంట ఐడిలింగ్‌ను 40, 50 కిలోమీటర్ల నడకగా లెక్క కట్టే అలవాటు చాలా ఫ్లీట్లలో ఉంది. కొత్త బండ్ల మీటరులో ఇంజిన్ గంటలు కనిపిస్తాయి, పొద్దున డ్యూటీ ఎక్కేటప్పుడు కిలోమీటర్లతో పాటు వాటినీ రాయించండి. క్వారీలో తిరిగే టిప్పర్లకు కూడా గంటల లెక్కే సరైనది.

పది బండ్లు దాటిన వాళ్లు ఆయిల్ శాంపిల్‌ని ల్యాబ్‌కి పంపే అలవాటు చేసుకోవాలని గట్టిగా చెబుతాను. చిన్న సీసాలో పట్టి ఇస్తే ఇనుము ఎంత ఉంది, రాగి ఎంత ఉంది, క్షారం ఎంత మిగిలింది అన్నీ చెబుతారు. సిలికాన్ పెరిగితే దుమ్ము లోపలికి పోతోందని అర్థం, ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకి వెళ్లే హోస్ క్లిప్పులు చూసుకోండి. సోడియం, పొటాషియం పెరిగితే కూలెంట్ కలుస్తోంది. ఇంజిన్ విప్పి బోరు చేయించాల్సి రాకముందే తెలిసిపోతుంది.

ఆయిల్‌తో పాటు ఫిల్టర్ మార్చాల్సిందే. తీసిన ఫిల్టర్‌ని పారేయకుండా కోసి, లోపలి కాగితం మడతలు విప్పి ఎండలో పట్టి చూడండి. నల్లటి మసి ఉంటే మామూలే. మడతల్లో రాగి రంగు మెరుపులు మెరుస్తుంటే బేరింగు అరుగుతోందేమో అని అనుమానించి మెకానిక్‌కి చూపించండి.

కొత్త ఆయిల్ పోసిన రెండో రోజుకే నల్లబడింది. మోసమా?

కాదు. లోపల మిగిలిన పాత ఆయిల్, మసి కలిసి నల్లబడుతుంది. మసిని గడ్డకట్టనివ్వకుండా తనలో తేలుతూ ఉంచడమే ఆయిల్ పని, డీజిల్ ఇంజిన్‌లో తేనె రంగులోనే ఉండిపోయే ఆయిల్ ఉండదు. రంగు కంటే ముఖ్యమైనది చుక్క పరీక్ష. వేడి ఆయిల్ చుక్క ఒకటి ఫిల్టర్ పేపర్ మీద, అది లేకపోతే తెల్లటి టిష్యూ మీద వేసి గంట ఆగండి. మసి అంచుల దాకా సమంగా పాకితే ఆయిల్‌కి ఇంకా ప్రాణం ఉంది. మధ్యలో చిక్కటి నల్లమచ్చ నిలిచిపోయి చుట్టూ పసుపు వలయం మాత్రమే పాకితే మసిని మోసే శక్తి అయిపోయింది, మార్చేయండి.

డిప్‌స్టిక్‌లో ఆయిల్ తగ్గడానికి బదులు పెరుగుతోంది. మంచిదేనా?

ఇది చూసి సంతోషించకూడదు, బండి ఆపి చూడాలి. ఆయిల్ తనంతట తాను పెరగదు, ఇంకేదో వచ్చి కలుస్తోంది. డిప్‌స్టిక్ మీది చుక్కను రెండు వేళ్ల మధ్య రుద్దండి, జారుడు పోయి నీళ్లలా పలచగా ఉండి డీజిల్ వాసన కొడితే ఇంజెక్టరు కారుతోంది, లేదా పంపు సీలు పోయింది. కొన్ని బీఎస్6 ఇంజిన్లలో రీజనరేషన్ కోసం సిలిండర్‌లోకి ఆలస్యంగా డీజిల్ కొడతారు, డ్రైవరు రీజనరేషన్ మధ్యలో పదే పదే బండి ఆపేస్తుంటే ఆ డీజిల్ సిలిండర్ గోడల మీంచి ఛాంబర్‌లోకి, అంటే కింద ఆయిల్ నిలిచే తొట్టిలోకి దిగుతుంది. హార్బర్ బండ్లలో ఇది బాగా చూస్తాం. రీజనరేషన్ లైటు పడితే దాన్ని పూర్తికానివ్వమని డ్రైవర్లకు చెప్పి ఉంచండి. ఆయిల్ కాఫీ రంగులో నురగగా ఉంటే నీళ్లు కలిశాయి: హెడ్ గ్యాస్కెట్, ఆయిల్ కూలర్, లైనర్ సీళ్లు చూడాలి. ఆ ఆయిల్‌తో ఒక్క కిలోమీటరు కూడా నడపకండి.

మామూలు లెవెల్ చూడటానికి బండి సమంగా ఉన్న చోట ఆపి, ఇంజిన్ ఆపిన పది, పదిహేను నిమిషాల తర్వాత చూడాలి. "కాస్త ఎక్కువుంటే మంచిదే" అని మాక్స్ గీత దాటించకండి, క్రాంకు తగిలి నురగ వస్తుంది, నురగతో బేరింగుకి ఆయిల్ అందదు.

ఆయిల్‌లో కలిపే అడిటివ్ సీసాలు పనిచేస్తాయా? పొగ తగ్గుతుంది, మైలేజ్ పెరుగుతుంది అంటున్నారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను: కొనకండి.

మంచి డీజిల్ ఆయిల్‌లో ఐదో వంతు దాకా అడిటివ్‌లే ఉంటాయి. మసిని కడిగేది, దాన్ని తేల్చి ఉంచేది, లోహానికీ లోహానికీ మధ్య రక్షణ పొర కట్టే జింకు సమ్మేళనం, నురగ రాకుండా చూసేది, వేడిలో చిక్కదనం నిలబెట్టే పాలిమర్, తుప్పు పట్టనివ్వనిది, అన్నీ పాళ్లు కుదిర్చి, ఇంజిన్ల మీద నడిపి పరీక్షించి ఆ తరగతి పేరు వేస్తారు. ఆ పాళ్లలో మీరు బయటి సీసా కలిపితే ఆ పరీక్ష మీ ఆయిల్‌కి ఇక వర్తించదు. జింకు ఎక్కువైతే బూడిద పెరుగుతుంది, డీపీఎఫ్ సంగతి పైన చెప్పాను. కొన్ని అడిటివ్‌లు లోహపు ఉపరితలం మీద చోటు కోసం ఒకదాన్నొకటి తోసుకుంటాయి, ఎక్కువ పోస్తే ఎక్కువ రక్షణ వస్తుందని లేదు.

"పోస్తే పొగ నిజంగానే తగ్గింది" అనే మాటా నిజమే. అలాంటి సీసాల్లో చాలావాటిలో ఉండేది చిక్కటి పాలిమర్. ఆయిల్ చిక్కబడితే అరిగిన రింగుల పక్క నుంచి కొంతకాలం తక్కువ కారుతుంది, నీలిపొగ తగ్గుతుంది, శబ్దం మెత్తబడుతుంది. రింగు మాత్రం అరిగినట్టే ఉంటుంది. బండి అమ్మేవాళ్లు ఇవి పోస్తారు, కొనేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. నీలిపొగ వస్తుంటే వాల్వ్ సీళ్లా, రింగులా, టర్బో సీలా అని కనుక్కోవడమే దారి.

టెఫ్లాన్ కలిపిన సీసాల గురించి కూడా అడుగుతారు. అమెరికాలో స్లిక్ 50 అనే ఉత్పత్తి ఇంజిన్ అరుగుదలను భారీగా తగ్గిస్తుందని ప్రకటనలిస్తే, ఆ మాటలకు తగిన ఆధారం లేదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్యకు దిగింది, 1997లో కంపెనీ రాజీకి వచ్చింది. ఆ సీసా డబ్బు మంచి ఎయిర్ ఫిల్టర్ మీద పెట్టండి, మణలి రోడ్డు దుమ్ములో ఇంజిన్ ఆయుష్షు దానివల్లే పెరుగుతుంది.

ఆయిల్ మార్చేముందు కిరోసిన్ పోసి ఇంజిన్ కడగమంటున్నారు?

వద్దు. కిరోసిన్‌తో తిప్పినంతసేపూ బేరింగులకు రక్షణ ఉండదు, డ్రెయిన్ చేశాక కూడా లోపలి దారుల్లో కొంత మిగిలి కొత్త ఆయిల్‌ని పలుచన చేస్తుంది. పైగా ఏళ్లుగా పేరుకున్న మడ్డి ఒక్కసారిగా ఊడి ఆయిల్ పంపు జాలీకి అడ్డుపడొచ్చు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు డ్రెయిన్ నట్ విప్పి, చివరి చుక్కదాకా కారనిచ్చి, కొత్త వాషర్ వేసి బిగిస్తే చాలు. లోపల మరీ మడ్డి పట్టి ఉంటే మంచి ఆయిల్ పోసి, రెండు సర్వీసులు గడువుకంటే ముందే చేయించండి.

డీజిల్ ట్యాంకులో కలిపే అడిటివ్‌లు?

బంకు డీజిల్‌కి కనీస సీటేన్ (ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పే అంకె) 51 ఉండాలని, ఇంజెక్షన్ పంపు అరగకుండా జారుడుగుణం ఇంత ఉండాలని ఐఎస్ 1460 ప్రమాణంలోనే ఉంది. సల్ఫర్ తీసేశారు కాబట్టి జారుడు తగ్గిందనే భయంతో టూస్ట్రోక్ బండ్లకు పోసే టూటీ ఆయిల్ కలుపుతారు కొందరు. జారుడు కోసం కలపాల్సింది కంపెనీలే కలిపి ఇస్తున్నాయి, టూటీ ఆయిల్ వల్ల డీపీఎఫ్‌కి అదనపు బూడిద తప్ప ఒరిగేదేమీ లేదు. ఇంజెక్టర్లు శుభ్రం చేసే మంచి కంపెనీ అడిటివ్ అప్పుడప్పుడు వాడితే నష్టం లేదు, ఇంజిన్ కంపెనీ ఒప్పుకున్నదైతేనే. కామన్ రైల్ పంపుని నిజంగా చంపేవి నీళ్లు, కల్తీ. వాటర్ సెపరేటర్ అడుగున ఉన్న నాబ్ తిప్పి నీళ్లు వదలడం ప్రతి డ్రైవరుకీ రావాలి, వానాకాలంలో రోజూ చేయాలి. రోడ్డు పక్క డబ్బాల్లో చవగ్గా అమ్మేది డీజిల్ అయినా, బయోడీజిల్ అన్నా, ముట్టుకోకండి.

యూరియా ద్రవం సొంతంగా కలుపుకుంటే?

చేయకండి. ఎస్సీఆర్‌లో కొట్టే ఈ ద్రవాన్నే డెఫ్ అంటారు: 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది లోహాలు తీసేసిన నీళ్లు. దానికి ఐఎస్ఓ 22241 అనే ప్రమాణం ఉంది. పొలానికి వేసే యూరియాను బోరు నీళ్లలో కలిపితే కాల్షియం, మలినాలు నాజిల్‌ని మూసి, క్యాటలిస్టుని పాడుచేస్తాయి. డీజిల్ ట్యాంకులో పొరపాటున డెఫ్ పడితే, లేదా డెఫ్ ట్యాంకులో డీజిల్ పడితే, తాళం కూడా తిప్పకుండా ట్యాంకు దింపించండి.

నకిలీ ఆయిల్ గుర్తుపట్టడం ఎలా?

కంపెనీ డీలరు దగ్గర బిల్లుతో కొనడం ఒక్కటే గట్టి దారి. మూత కింద అల్యూమినియం రేకు సీలు అంచుల చుట్టూ సమంగా అతుక్కుని ఉందా, జిగురు మరకలున్నాయా, బకెట్ మీది బ్యాచ్ నంబరు చెరిపి రాసినట్టుందా చూడండి. క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేయండి. ఖాళీ బకెట్‌ని పాతసామాన్ల వాళ్లకు ఇచ్చేముందు అడుగున స్క్రూడ్రైవర్‌తో పొడిచి రంధ్రం చేయండి, నకిలీవాళ్లకు కావాల్సింది ఆ ఖాళీ బకెట్టే.

బండి వరద నీళ్లలో మునిగింది. స్టార్ట్ చేసి చూడాలా?

స్టార్ట్ చేయకూడదు. 2015 డిసెంబరులో, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులో ఈ ఊళ్లో చాలా ఇంజిన్లకు నీళ్లకంటే తాళం తిప్పడమే ఎక్కువ నష్టం చేసింది. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బ్యాటరీ వైరు తీసేసి, ఎయిర్ ఫిల్టర్ తడిసిందా చూసి, ఛాంబర్ ఆయిల్ దింపించండి. గేర్‌బాక్సు, క్రౌన్ (వెనక ఇరుసులోని గేర్లు) ఆయిల్ కూడా మార్చాలి, వాటి బ్రీదర్‌ల (గాలి ఆడే రంధ్రాల) గుండా నీళ్లు పోతాయి. కొత్త ఆయిల్ పోసి కొద్దిసేపు నడిపాక ఆ ఆయిల్‌ని మళ్లీ మార్చేయండి.

తీసిన పాత ఆయిల్ ఏం చేయాలి?

అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి, 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. కాలువలో పోస్తే అది చేరేది కొసస్థలై నదికి, ఎన్నూరు క్రీక్‌కే. మిచౌంగ్ వరదలో చమురు కొట్టుకొచ్చి అక్కడి మత్స్యకారుల పడవలు, వలలు ఎలా నల్లబడిపోయాయో మనమంతా చూశాం. మన షెడ్ల నుంచి ఒక్క డబ్బా కూడా అటు పోకూడదు.

దారిలో ఆయిల్ తగ్గింది, మా బ్రాండు దొరకలేదు. వేరేది కలపొచ్చా?

అదే చిక్కదనం, అదే తరగతి అయితే వేరే బ్రాండు కలిపినా ఇబ్బంది లేదు, ఒకదానితో ఒకటి కలిసేలాగే చేస్తారు. బీఎస్6 బండికి నాయుడుపేటలో సీఐ-4 తప్ప దొరకలేదనుకోండి, ఆయిల్ లేకుండా నడపడం కంటే ఒకటి, రెండు లీటర్లు పోసుకొని రావడమే నయం, వచ్చాక ఎంత పోశారో సర్వీసు పుస్తకంలో రాసి, తర్వాతి మార్పు గడువుకంటే కాస్త ముందే చేయించండి. అసలు క్యాబిన్‌లో సీటు కింద మీ గ్రేడు ఆయిల్ సీలు తీయని డబ్బా ఒకటి ఉంచుకుంటే ఈ ప్రశ్నే రాదు.